తొంభైతో భాగించగా

మా పాత ప్రిన్సిపాలు గారు కాలం చేసినప్పుడు కాలేజీ అంతా మైదానంలో లేచి నిలబడి ఒక సెకను మీద మూడోవంతు సెకను మౌనం పాటించింది. కుర్చీల్లో ఉన్నవాళ్లలో సగంమంది లేచేలోపే మౌనం అయిపోయింది. లేచినవాళ్లు మళ్లీ కూర్చోవడానికి మూడు సెకన్లు తీసుకున్నారని, అది నిబంధనలకు విరుద్ధమని మర్నాడు అందరికీ మెమోలు వచ్చాయి. నాకూ వచ్చింది. నేను అసలు కూర్చోలేదు. నాకు కుర్చీ వెయ్యలేదు.

ఇదంతా ఒక మంచి యంత్రం రావడం వల్ల జరిగింది. యంత్రం తప్పేమీ లేదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి.

నేను రసాయనశాస్త్రం ల్యాబులో అటెండర్ని. పేరు అప్పలసూరి. రిటైరై ఆరేళ్లయినా నన్ను ఇంటికి పంపలేదు. ఏ సీసా ఏ బీరువాలో ఉందో రాసిపెట్టిన పుస్తకాన్ని చెదలు తినేశాయి. ఇప్పుడది నా ఒక్కడికే నోటికి వచ్చు. ల్యాబులో సీసాలు అందించడం, గాజు సామాను కడగడం, కాలేజీ గంట కొట్టడం నా పనులు. మాట్లాడటం నా పనుల్లో లేదు. ఎవరేం చెప్పినా "ఊఁ" అంటాను. అందులో అవును ఉంటుంది, కాదు కూడా ఉంటుంది. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుంటారు.

కిందటి జూలైలో మా ల్యాబుకు ఆ యంత్రం వచ్చింది. బియ్యం డబ్బా అంత ఉంటుంది. వేలెడు గాజు గొట్టంలో మందులు పోసి, మూత బిగించి లోపల పెట్టి మీట నొక్కితే మంట లేకుండానే లోపలి ద్రవం మరుగుతుంది. దానిమీద మూడు రోజుల శిబిరం పెట్టారు. గుమ్మానికి కట్టిన గుడ్డ మీద 'సూక్ష్మతరంగ సహాయక సేంద్రియ సంశ్లేషణా మెళకువల శిక్షణా శిబిరం' అని రాయించారు. గుడ్డ చాలక చివరి రెండు మాటలు గోడమీదికి వెళ్లాయి.

నేర్పడానికి విశాఖపట్నం నుంచి ఒక మేడమ్ వచ్చింది. ఆవిడ చెప్పింది నాక్కూడా అర్థమైంది. పొయ్యి మీద పెడితే ముందు గిన్నె కాగాలి, తర్వాత గిన్నెలోది కాగాలి. ఈ తరంగాలు గిన్నెను వదిలేసి లోపలి ద్రవాన్నే పట్టుకొని ఊపుతాయి. అందుకే ఆరు గంటలు మరగబెట్టాల్సిన పని నాలుగు నిమిషాల్లో అవుతుంది. మూడు జాగ్రత్తలు కూడా చెప్పింది. లోహం లోపల పెట్టకండి, నిప్పురవ్వలు వస్తాయి. వంటింటి అవెన్‌తో ల్యాబు పని చెయ్యకండి, ల్యాబు దానితో వంటింటి పని చెయ్యకండి. చల్లారకుండా మూత తియ్యకండి. ఈ మూడూ నేను గోడమీద సుద్దతో రాశాను.

మూడో రోజు ముగింపుకు ప్రిన్సిపాలు భానుప్రసాదరావు గారు వచ్చారు. వారు చెప్పే సబ్జెక్టు ప్రభుత్వ పాలన.

"ఆరు గంటలు నాలుగు నిమిషాలైందంటే ఎన్ని రెట్ల వేగమమ్మా?" అని అడిగారు.

"తొంభై రెట్లు సార్. ఈ ఒక్క చర్యకే. ఇంకోదానికి ఇంకోలా ఉంటుంది. కొన్నిటికి తేడాయే ఉండదు."

"తొంభై అన్నారు కదా."

"అన్నాను సార్, కానీ..."

ప్రిన్సిపాలు గారు అప్పటికే తొంభై రాసుకొని లేచారు. కానీని రాసుకోలేదు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. చదివి వినిపించింది ఆఫీసు సూపరింటెండెంటు వరహాలు. మేమిద్దరం ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం, వయసులో అతను చిన్న. అతని గొంతు సర్క్యులర్లకే పుట్టింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, శాస్త్ర పురోగతి వల్ల ఆరు గంటల కార్యము నాలుగు నిమిషములలో ముగియుచున్నట్లు ప్రత్యక్షముగా నిరూపితమైనందున, ఇకపై ఈ కళాశాలలో సమస్త కాలమును తొంభైతో భాగించి అమలు చేయవలెను. దీనిని కాల గుణకము అందురు. జాప్యము ఎంతమాత్రమూ ఉపేక్షించబడదు. ప్రిన్సిపాలు వారి పదవీకాలమునకు ఈ గుణకము వర్తించదు."

భాగహారం నేను మూడో తరగతిలో నేర్చుకున్నాను. ఆ తర్వాత బడికి వెళ్లలేదు. ప్రిన్సిపాలు గారు ఆ తర్వాత చాలా చదివారు. అయినా ఇద్దరం అక్కడే ఆగాం.

మొదట ల్యాబు క్లాసులు మారాయి. మూడు గంటల క్లాసు రెండు నిమిషాలైంది. హాజరు వెయ్యడానికే ఆరు నిమిషాలు పడుతుంది కనుక హాజరు ముందురోజే వేసేవారు. పిల్లలు పరుగెత్తుకొచ్చి, సీసా చూసి, పరుగెత్తుకెళ్లేవారు. సీసా మూత తీసిన క్లాసు నాకు గుర్తున్నంతలో ఒక్కటే. ఆ రోజు కూడా మూత మళ్లీ పెట్టింది నేను.

తర్వాత పరీక్షలు. మూడు గంటల పరీక్ష రెండు నిమిషాలు. ప్రశ్నపత్రాలు పంచడానికి అయిదు నిమిషాలు పట్టింది. పరీక్ష అయిపోయిన మూడు నిమిషాలకు ప్రశ్నలు అందాయి. ఎవరూ ఏమీ రాయలేదు కనుక తప్పు రాసినవాడు ఒక్కడూ తేలలేదు. నూటికి నూరుమంది పాసయ్యారు. పత్రికవాళ్లను పిలిచి ఫొటో తీయించారు. ఫొటోకు మాత్రం అరగంట పట్టింది.

మధ్యాహ్నం భోజనం ముప్పావు గంట కాస్తా ముప్పై సెకన్లకు దిగింది. టిఫిను డబ్బా పై అరలో కూర, కింది అరలో అన్నం తెచ్చుకునేవాళ్లు కూర మాత్రం తిని వెళ్లేవారు. తెలివైనవాళ్లు అరలు తిరగేసి తెచ్చుకున్నారు. గంట కొట్టేది నేనే. నా వాచీ ఖచ్చితమైనది. ఒకరోజు పొరపాటున ఆ ముప్పై సెకన్లను ఎవరో మళ్లీ తొంభైతో భాగించారు. ఆ రోజు ముద్ద నోటిదాకా వెళ్లలేదు. గొడవైంది. అప్పుడు వరహాలు సర్క్యులర్‌కు పదకొండో నిబంధన చేర్చాడు: ఒకసారి భాగించిన కాలమును రెండవసారి భాగించరాదు. ఆ నిబంధనను గుర్తుపెట్టుకోవాలి. దాంతో తర్వాత పని పడింది.

లెక్కల లెక్చరరు తన పెళ్లికి మూడు రోజులు సెలవు పెట్టుకున్నాడు. నలభై ఎనిమిది నిమిషాలు మంజూరైంది. తాళి కట్టి, తలంబ్రాల బియ్యం నెత్తిమీద ఉండగానే మూడో పీరియడుకు అందుకున్నాడు. కొత్త పెళ్లికూతురు గేటు దగ్గర ఆటోలో కూర్చుంది. ఎంతసేపమ్మా అని వాచ్‌మన్ అడిగితే, "నలభై సెకన్లట" అంది. ఆ పిల్ల మా కాలేజీలోనే చదివింది.

రసాయనశాస్త్రం రానివాళ్లు వెనకబడకూడదని ప్రిన్సిపాలు గారి గదిలో వంటింటి అవెన్ ఒకటి పెట్టించారు. పెండింగు ఫైళ్లను అందులో పెట్టి తీస్తే త్వరగా పరిష్కారమవుతాయన్నారు. వరహాలు నన్ను పిలిచి గుసగుసగా అడిగాడు.

"ఏటోయ్ సూరీ, ఫైలుకి గుండుసూది ఉంది. ట్యాగుకి ఇనప ముక్క ఉంది. పెట్టీమంటావా?"

"గోడ మీద రాసినాను."

"అది మీ ల్యాబు గోడ కదేటి. ఈ గదిలో గోడ మీద ఏటీ లేదు."

పెట్టేశాడు. దీపావళి చిచ్చుబుడ్డిలా వెలిగింది. ఆ ఫైలు పదిహేడేళ్లుగా కదలనిది. ఆ రోజు నిజంగానే కదిలింది. పొగై కిటికీలోంచి వెళ్లిపోయింది. ప్రిన్సిపాలు గారు చాలాసేపు చూసి, రిజిస్టరులో 'పరిష్కరించబడినది' అని రాయించారు. ఆ నెల ముప్పై ఒక్క ఫైళ్లు అలాగే పరిష్కరించబడినాయి. ఇంత వేగం జిల్లాలో ఎక్కడా లేదని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. ఇదే విధానాన్ని నలభై రెండు కాలేజీల్లో పెట్టే ఆలోచన ఉందనీ, సంయుక్త సంచాలకులు పరాంకుశం గారు స్వయంగా వచ్చి చూస్తారనీ కబురు వచ్చింది. గుణకాన్ని ఆమోదిస్తూ కింద సంతకం పెట్టింది వారే.

ఇక్కడిదాకా నేను నవ్వలేదు గానీ బాధ కూడా పడలేదు. బాధ తవిటమ్మ దగ్గర మొదలైంది.

తవిటమ్మ మా ల్యాబులో పీహెచ్‌డీ చేసే అమ్మాయి. మాది జీడితోటల ఊరు. వాళ్లమ్మ జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొడుతుంది. పిక్క తొక్కలోంచి కారే నల్లని జీడి వేళ్లను తినేస్తుంది. చర్మం పొరలు పొరలుగా ఊడుతుంది. "మా అమ్మ ఏళ్లని ఊడదీసిన నూనెలోంచే ఏళ్లకి రాసుకునే మందు తీస్తాను తాతా," అని వచ్చిన మొదటిరోజే నాతో చెప్పింది. నేను "ఊఁ" అన్నాను. ఆ ఊఁలో ఆ రోజు అవునే ఉంది.

రెండేళ్లు కష్టపడి ఆ పదార్థాన్ని తీసింది. ముందు తేనెలా జిగురుగా వచ్చింది. ఫ్లాస్కులో పోసి బీరువా మీద పెట్టింది. పదకొండో రోజున అందులో తెల్లటి సూదుల్లాంటి పలుకులు కట్టాయి. పలుకు కడితేనే దానికి ఎక్స్‌రే తీసి లోపలి నిర్మాణం ఇదీ అని నిరూపించగలరట. ఆ రుజువు లేకపోతే ఎంత చేసినా చెయ్యనట్టే. మర్నాడు పలుకుల్ని ఎక్స్‌రేకు పంపాలి.

ఆ మర్నాడే శుభ్రతా వారోత్సవం. బీరువాల మీద ఏమీ కనబడకూడదన్నారు. నేను సామానంతా ట్రేలో దించుతున్నాను. ఫ్లాస్కు జారింది. గాజు పెంకులు ఏరాను. మిగిలింది నా కోటు కుడి చేతితో తుడిచాను. తవిటమ్మ వచ్చి నేలవైపు చూసింది, నావైపు చూసింది, మళ్లీ మొదటినుంచి పని మొదలుపెట్టింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. నా జీవితంలో మాట్లాడవలసిన రోజు అదొక్కటే, ఆ రోజు కూడా మాట్లాడలేదు.

కోటు సంగతి కూడా చెప్పాలి. ఇరవై రెండేళ్లనాటి ఖాకీ కోటు. ఒక్కసారీ ఉతకలేదు. మా పాత కెమిస్ట్రీ మాస్టారు ఒకాయన, "సూరీ, ఆ కోటు ఉతక్కు. ఈ ల్యాబులో పుట్టిన ప్రతి పదార్థం నలుసూ దానిమీద ఉంది. పాలు తోడుకోవాలంటే చుక్క మజ్జిగ కావాలి కదా, పలుకు కట్టాలన్నా ఏదో ఓ నలుసు తోడు కావాలి," అనేవారు. మాస్టారు పోయారు. మాట ఉంది. మా ఇంటిది మాత్రం దాన్ని గుమ్మం దాటనివ్వదు. "అది లోనికొస్తే నాను బైటికెల్తాను," అంటుంది. అందుకని అది కాలేజీలోనే మేకుకు ఉంటుంది.

కొత్త యంత్రం తవిటమ్మకు దేవుడిచ్చిన వరమైంది. శిబిరంలో దాని మనసు పట్టింది ఆ అమ్మాయి ఒక్కతే. ఎంత వేడి, ఎన్ని నిమిషాలు, ఎంత ఆల్కహాలు, అన్నీ మార్చి మార్చి చూసి ఆరు గంటల మరుగును నాలుగు నిమిషాలకు తెచ్చింది. పదార్థం మునుపటికంటే శుభ్రంగా వస్తోంది. కానీ జిగురుగానే ఉంటోంది. వచ్చిన ప్రతిసారీ ఫ్లాస్కు మూత బిగించి పదకొండు రోజులు, పదిహేను రోజులు పెట్టి చూసింది. పలుకు కట్టదు.

అప్పుడు నోటీసు వచ్చింది. వరహాలు దానిని చదవడానికి ల్యాబుకు వచ్చాడు. మామూలుగా ఉన్నచోటినుంచే చదువుతాడు.

"కుమారి తవిటమ్మ పరిశోధన ఆరంభించి నాలుగు సంవత్సరములు గడచినవి. గుణకము ప్రకారము సదరు పరిశోధన పదహారు దినములలో ముగియవలసియున్నది. కావున ఈ నెల ఇరవై ఆరవ తేదీన సంయుక్త సంచాలకుల వారి సమక్షమున స్ఫటికములను చూపవలెను. చూపనియెడల ఆమె రిజిస్ట్రేషను రద్దు చేయబడును."

"స్ఫటికాలంటే పలుకులే కదా బాబాయ్?" అంది తవిటమ్మ.

"పలుకులేనమ్మా." కాగితం మడిచాడు. "నానేటి సెయ్యను, రాసింది సదవడమే నా పని."

"రాసిందీ నువ్వే కదా."

"రాసిందీ నానే," అని ఒప్పుకొని వెళ్లిపోయాడు.

ఇరవై అయిదున తనిఖీ కోసం శుభ్రం చేస్తూ వరహాలు నా కోటు దగ్గర ఆగాడు. "పెద్దాయన రేపొస్తాడు. ఈ కోటు ఉతికీ సూరీ."

"ఊఁ," అన్నాను.

అతను అవును తీసుకెళ్లాడు.

ఇరవై ఆరున పరాంకుశం గారు పదింటికి వచ్చారు. మెడలో స్టాప్‌వాచీ వేలాడుతోంది. చుట్టూ పదిమంది. ప్రిన్సిపాలు గారు వారికి ల్యాబును గుడి చూపించినట్టు చూపించారు. తవిటమ్మ గాజు గొట్టంలో మందులు పోసి, మూత బిగించి యంత్రంలో పెట్టింది. మీట నొక్కింది. నాలుగు నిమిషాలు. స్టాప్‌వాచీ ఆగింది. యంత్రం కూడా ఆగింది.

"అద్భుతం," అన్నారు పరాంకుశం గారు. "తెరవండి."

"తెరుచుకోదు సార్. యాభై డిగ్రీలకు దిగాలి."

"ఎవరి ఆదేశం?"

"దానిదే సార్."

"చల్లారడాన్ని గుణకం పరిధిలోకి ఎందుకు తేలేదు?" అని ప్రిన్సిపాలు గారివైపు తిరిగారు.

ప్రిన్సిపాలు గారు యంత్రంవైపు తిరిగారు. "దీనికి సర్క్యులర్ అందిందా?"

"అందరికీ అందింది సార్," అన్నాడు వరహాలు. "ఇది సంతకం పెట్టలేదు."

యంత్రం తన తీరికలో తాను పన్నెండు నిమిషాలకు తలుపు తీసింది. నా ఉద్యోగంలో నేను చూసినవాళ్లలో పై అధికారికి భయపడనిది అదొక్కటే.

తవిటమ్మ ద్రవాన్ని చిన్న ఫ్లాస్కులోకి వంచి మంచునీళ్లలో నిలబెట్టింది. జిగురు అడుగున పడుకుంది. తేనె రంగు.

"స్ఫటికాలేవి?"

"కట్టాలి సార్. మొదటిసారి పదకొండు రోజులు పట్టింది."

"పదకొండు రోజులు," అన్నారాయన. "ఇదన్నమాట మన వ్యవస్థలో జాడ్యం. రద్దు కాగితం తెండి."

వరహాలు ఫైలు విప్పాడు. తవిటమ్మ పరాంకుశం గారికి అడ్డంగా వెళ్లి నిలబడింది. ఆ పిల్ల అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"సార్, పదకొండు రోజుల్ని మీ గుణకంతో భాగించండి."

పెళ్లి చేసుకున్న లెక్కల లెక్చరరు వెనకనుంచి, "రెండు గంటల యాభై ఆరు నిమిషాలు," అన్నాడు.

"అది నాకు నియమం ఇచ్చిన గడువు సార్. అప్పటిదాకా నేను ఆలస్యం చేసినట్టు కాదు."

పరాంకుశం గారు ఆలోచించారు. "అలా అయితే ఆ రెండు గంటల యాభై ఆరు నిమిషాల్ని కూడా తొంభైతో భాగిద్దాం. రెండు నిమిషాలు చాలు."

వరహాలు గొంతు సవరించుకున్నాడు. "పదకొండో నిబంధన సార్. ఒకసారి భాగించిన కాలమును రెండవసారి భాగించరాదు. కింద తమరి సంతకమే."

నోటీసు రాసినవాడూ అతనే, ఈ నిబంధన రాసినవాడూ అతనే. ఏది చదవాలో ఆ పూట అతనే ఎంచుకున్నాడు. నావైపు చూడలేదు.

అలా పదిమంది అధికారులు ఒక చిన్న ఫ్లాస్కు చుట్టూ కుర్చీలు వేసుకొని కూర్చున్నారు. పదకొండైంది. పన్నెండైంది. పెద్దాయన కోసం పక్క గదిలో విస్తళ్లు వేశారు. బొమ్మిడాయిల పులుసు, నాటుకోడి, జీడిపప్పు పులావు, పనసపొట్టు కూర, పూర్ణాలు. పన్నెండున్నరకు వారు లేచి వెళ్లి కూర్చొని, విస్తట్లో నీళ్లు చల్లుకొని, పులుసు కలిపారు. నేను గంట కొట్టాను.

"ఏమిటది?" అన్నారు.

"భోజన విరామం అయిపోయింది సార్," అన్నాడు వరహాలు.

"నాకు కూడానా?"

"మినహాయింపు ప్రిన్సిపాలు గారి పదవీకాలానికి ఒక్కదానికే సార్. అన్నం గురించి ఎక్కడా లేదు."

ఆయన ముద్ద వంక చూశారు. బయట పత్రికవాళ్లు కూడా ఉన్నారు. ముద్ద విస్తట్లో పెట్టి చెయ్యి కడుక్కున్నారు. ఆ తర్వాత ల్యాబంతా పులుసు వాసనే.

ఒంటిగంట దాటింది. గడువుకు అయిదు నిమిషాలుంది. తవిటమ్మ గాజు కడ్డీతో ఫ్లాస్కు లోపలి గోడను గీకుతోంది. గీకితే ఒక్కోసారి ఆ గరుకు దగ్గర పలుకు పుడుతుంది. పుట్టలేదు. మంచు మార్చింది. పుట్టలేదు. ప్రిన్సిపాలు గారు కలం మూత తీసి పెద్దాయనకు అందించారు.

నేను మేకు దగ్గరికి వెళ్లి కోటు తొడుక్కున్నాను.

"ఇదేమిటి, ఈ కంపు ఎక్కడిది?" అన్నారు పరాంకుశం గారు.

"ఉతకమన్నాను సార్," అన్నాడు వరహాలు.

నేను బల్ల దగ్గరికి వెళ్లి ఫ్లాస్కు మీదికి వంగాను. కోటు కుడి చేతిని, ఆ రోజు నేల తుడిచిన చేతిని, ఫ్లాస్కు మూతి మీద పెట్టి ఎడమచేత్తో రెండు దెబ్బలు కొట్టాను. కొంచెం దుమ్ము రాలింది.

"ఏమిటీ మనిషి చేస్తున్నది?" అన్నారెవరో.

తవిటమ్మ నా చేతివైపు చూసింది. తర్వాత ఫ్లాస్కులోకి చూసింది. కడ్డీ కింద పెట్టింది.

మొదట జిగురు మీద ఒక తెల్ల చుక్క. కంటికి ఆనీ ఆనని చుక్క. దానినుంచి ఒక సూది. సూదికి పక్కన ఇంకో రెండు. తర్వాత లెక్క లేదు. చలికాలం పొద్దున గిన్నెలో నెయ్యి పూసకట్టినట్టు అంచునుంచి అంచుదాకా తెల్లగా పేరుకుపోయింది. కుర్చీల్లోవాళ్లు లేచి నిలబడ్డారు. ఈసారి మౌనం చాలాసేపు ఉంది. ఎవరూ భాగించలేదు.

"కట్టింది," అంది తవిటమ్మ. అంతే అంది. తర్వాత ముక్కు తుడుచుకుంది.

పెద్దాయన స్టాప్‌వాచీ చూసుకున్నారు. "నలభై సెకన్లు. పదకొండు రోజులది నలభై సెకన్లు. ఎలా?"

తవిటమ్మ ఓపిగ్గా చెప్పింది. మరిగించడాన్ని యంత్రం తొందరపెట్టగలదు, చల్లారడాన్ని, పేరుకోవడాన్ని అది ఏమీ చెయ్యలేదు. పాత పలుకు నలుసు ఒకటి లోపల పడితే తోడు వేసినట్టు దానివెంట మిగిలింది కడుతుంది. ఆ నలుసు ఈ కోటు మీద రెండేళ్లుగా ఉంది. ఇందులో గుణకం ఏమీ లేదు.

పరాంకుశం గారు అంతా విన్నారు. "అయితే కోటు," అన్నారు.

"కోటు కాదు సార్, దానిమీద..."

"కోటు," అని రాసుకున్నారు. రద్దు కాగితం మీద అడ్డంగా గీత పెట్టి, రిజిస్ట్రేషను కొనసాగింపు మీద సంతకం చేసి, కారెక్కారు. ఊరు దాటాక కాకా హోటలు దగ్గర కారు ఆగిందని, గంటన్నర కదలలేదని డ్రైవరు తర్వాత చెప్పాడు.

ల్యాబు ఖాళీ అయ్యాక నేను నా జీవితంలో మిగిలిపోయిన మాట చెప్పాను.

"ఆ రోజు ఫ్లాస్కు నానే పడేసినానమ్మా."

"తెల్సు తాతా. గుమ్మంలోనే ఉన్నాను."

"మరి ఏటీ అన్లేదేటి?"

"నువ్వంటావేమోనని సూశాను," అంది. "రెండేళ్లు పట్టింది."

పలుకులు ఎక్స్‌రేకు వెళ్లాయి. నెలకు బొమ్మ వచ్చింది. తను గీసుకున్నదీ వచ్చిన బొమ్మా ఒకటే. తవిటమ్మ ఆ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టుకొని వాళ్లమ్మకు చూపించడానికి బస్సెక్కింది.

ఇంకో కాగితం కూడా వచ్చింది. వరహాలే చదివాడు.

"అటెండరు అప్పలసూరి ధరించు ఖాకీ కోటు స్ఫటికీకరణమును విశేషముగా వేగిరపరచుచున్నట్లు ప్రత్యక్షముగా నిరూపితమైనందున, సదరు కోటును తక్షణము స్వాధీనపరచుకొని, నలభై రెండు సమాన ఖండములుగా చేసి, నలభై రెండు కళాశాలలకు పంపిణీ చేయవలెను. ప్రతి ప్రయోగశాలలోనూ అటెండరు సదరు ఖండమును ఫ్లాస్కుపై రెండు మారులు కొట్టవలెను. గుణకము యథాతథముగా కొనసాగును."

మేకు మీదినుంచి కోటు తీసి ఇచ్చాను. కత్తిరించడానికి దర్జీ కూడా వచ్చాడు. చాలా శ్రద్ధగా కొలిచాడు. గుండీలు మిగిలితే నాకిచ్చాడు.

తర్వాత తెలిసింది. పంపే ముందు ఆరోగ్య నిబంధనల ప్రకారం ముక్కలన్నిటినీ సోడాలో ఉడకబెట్టి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పంపారట. నలభై రెండు కాలేజీల్లోనూ రోజూ రెండు మారులు కొడుతున్నారు. ఫలితాలు సంతృప్తికరంగా ఉన్నాయని నివేదికలు వస్తున్నాయి. మా ఇంటిది ఆ వార్త విని దేవుడికి కొబ్బరికాయ కొట్టింది.

నాకు కొత్త కోటు ఇచ్చారు. తెల్లది. తొడుక్కుంటే కరకరలాడుతుంది. తవిటమ్మ పట్టా తీసుకొని వెళ్లిపోయే రోజు ల్యాబుకు వచ్చి, చిటికెడు పలుకులు పొట్లంలోంచి తీసి నా కోటు కుడి చేతి అంచుకు అరచేత్తో రుద్దింది.

"తోడేసినాను తాతా. ఉతక్కు."

"ఊఁ," అన్నాను.

మూడు నెలలకు మెమో వచ్చింది. పాత కోటుకు ఆ స్థితి రావడానికి ఇరవై రెండు సంవత్సరములు పట్టినదనీ, తొంభైతో భాగించగా ఎనభై తొమ్మిది దినములనీ, గడువు ముగిసినను కొత్త కోటు ఇంకను తెల్లగానే ఉండుటకు కారణమేమో మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెననీ ఉంది. మూడు రోజులంటే నలభై ఎనిమిది నిమిషాలు. వరహాలు వాచీ చూసుకుంటూ నా ఎదురుగా కూర్చున్నాడు.

అంతసేపు పట్టలేదు. తోడు వేశాం, పేరుకుంటోంది అని రాసి ఇచ్చాను.